ఎండాకాలం చొక్కా: కాటనా, పాలిస్టరా? గాలి నిజంగా దేనిలో ఆడుతుంది?

బందరు రోడ్డు | విజయవాడ

అందరికీ నమస్కారం. నాది ఫీల్డ్ ఉద్యోగం. పొద్దున బండెక్కితే సాయంత్రం దాకా షాపుల చుట్టూ తిరుగుడే. మే నెలలో విజయవాడ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమ్మేమో కాటన్ తప్ప ఇంకోటి ఒంటి మీద వెయ్యొద్దంటుంది. జిమ్‌కి వెళ్తే ఒక్కడూ కాటన్ వెయ్యడు, అందరివీ జారిపోయే పాలిస్టర్ టీషర్టులే. మొన్న బట్టల షాపులో అబ్బాయి ఒక పాలిస్టర్ చొక్కా తీసి "సార్, ఇది బ్రీతబుల్, కాటన్ కన్నా గాలి ఎక్కువ ఆడుతుంది" అని అడ్డంగా వాదించాడు.

అసలు గుడ్డలో గాలి ఆడటం అంటే ఏమిటి? దాన్ని కొలిచే పద్ధతేమైనా ఉందా? నాకు కావాల్సింది ఫార్మల్‌గా కనిపించే చొక్కా. మధ్యాహ్నానికి వీపుకి అతుక్కోకూడదు. రోజూ ఇస్త్రీ చేసే ఓపిక లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిగా | హైదరాబాద్

కాటన్. ఇందులో చర్చ ఏముంది?

తీరం పరుగు | విశాఖపట్నం

చాలా ఉంది బాసూ. కాటన్ టీషర్టు వేసుకుని ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా పరిగెత్తి చూడు. సగం దూరానికే అది నానిన గోనెసంచిలా వేలాడుతుంది. చంకల దగ్గర ఒరుసుకుపోయి మంట. విశాఖలో ఉన్న తేమకి ఆ చొక్కా ఒంటి మీద ఆరే ప్రసక్తే లేదు. సన్నటి రంధ్రాలున్న పాలిస్టర్ జెర్సీలో ఆ బాధ లేదు. మా రన్నింగ్ గ్రూపులో కాటన్ వేసుకొచ్చేది కొత్తవాళ్లు మాత్రమే.

నూలు మిల్లు | గుంటూరు

స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. పై ఇద్దరూ సగం సగం కరెక్టే, ఎందుకంటే ఇద్దరూ వేరే వేరే విషయాలు మాట్లాడుతున్నారు.

మనం "గాలి ఆడుతుంది" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ల్యాబులో అది కనీసం రెండు పరీక్షలు. ఒకటి, గుడ్డకి అటూ ఇటూ పీడనంలో తేడా పెట్టి ఎంత గాలి దూరిందో కొలవడం. రెండోది, గుడ్డ గుండా నీటి ఆవిరి ఎంత దాటిందో కొలవడం. రెయిన్ జాకెట్ల మీద చదరపు మీటరుకి 24 గంటల్లో ఇన్ని గ్రాములు అని రాసేది ఈ రెండోదాని లెక్క. కొన్ని జాకెట్లలోంచి గాలి దాదాపు దూరదు, ఆవిరి మాత్రం దాటుతుంది. పీటీఎఫ్ఈ ప్లాస్టిక్‌ని సాగదీసి చేసిన గోర్‌టెక్స్ పొర ఆ రకమే. 1969లో బాబ్ గోర్ దాన్ని కనిపెట్టాడు.

గాలి దూరడమనేది పీచు కన్నా నేత మీద, అల్లిక మీద ఎక్కువ ఆధారపడుతుంది. పోగుకీ పోగుకీ మధ్య సందు ఉంటే గాలి వస్తుంది, లేకపోతే లేదు. మందపాటి జీన్స్ నూరు శాతం కాటనే, నోరు పెట్టి ఊదండి, ఎంత దూరుతుందో మీకే తెలుస్తుంది. దోమతెర నైలాన్, దానిలోంచి ఎంత వస్తుందో రోజూ చూస్తూనే ఉన్నాం. కాబట్టి షాపబ్బాయి చెప్పింది ఆ ఒక్క చొక్కా విషయంలో నిజమే అయ్యుండొచ్చు.

పీచు తేడా కొట్టేది తేమ దగ్గర. పూర్తిగా ఆరబెట్టిన 100 గ్రాముల పీచుని 65 శాతం తేమ, 20 డిగ్రీలు ఉన్న గదిలో వదిలేస్తే, కాటన్ సుమారు 8 గ్రాముల తేమ పీల్చుకుంటుంది. పట్టు 11, నార అంటే లినెన్ 12, విస్కోస్ రేయాన్ 13, ఉన్ని 16 దాకా. నైలాన్ 4. పాలిస్టర్ 0.4. అంటే పాలిస్టర్ పీచు లోపలికి చెమట వెళ్లదు, పోగుల మధ్య సందుల్లో మాత్రమే పాకుతుంది.

దీనివల్లే మామూలు పాలిస్టర్ చొక్కా కొంచెం చెమటకే జిడ్డుగా అనిపిస్తుంది. కాటన్ ఆ మొదటి చెమటని లోపలికి లాక్కుని మనకి తెలియనివ్వదు. కానీ లాక్కున్నది ఓ పట్టాన వదలదు. ఫీల్డ్‌లో నడిచే మనిషికి మొదటి గుణం ముఖ్యం, పరిగెత్తేవాడికి రెండోది.

సూటిగా | హైదరాబాద్

మరి స్పోర్ట్స్ టీషర్టు కూడా పాలిస్టరే కదా, అది జిడ్డుగా ఎందుకుండదు?

నూలు మిల్లు | గుంటూరు

మామూలు పాలిస్టర్ పోగుని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే గుండ్రంగా, నున్నగా ఉంటుంది. స్పోర్ట్స్ రకాల్లో కొన్నిటికి పీచు పొడవునా గాడులు పెడతారు. డ్యూపాంట్ కంపెనీ 1986లో తెచ్చిన కూల్‌మాక్స్ ఇలాంటిదే. ఆ గాడుల్లో చెమట పాకి పై వైపుకొచ్చి, వెడల్పుగా పరుచుకుని, తొందరగా ఆరిపోతుంది. ఇంకొన్నిటికి పీచు మామూలుదే, పైన నీటిని పట్టుకునే ఒక రసాయనం పూస్తారు. చవక రకాల్లో ఎక్కువ ఈ పూతే. కొన్ని నెలలు ఉతికేసరికి అది పోతుంది. కొత్తలో బాగుండి తర్వాత చిరాకు పెట్టే టీషర్టుల రహస్యం ఇదే. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి, ఆ పొర పీచు మీద పేరుకుని చెమట పాకనివ్వదు. తువ్వాళ్లకి కూడా అదే గతి, మెత్తగా ఉంటాయి గానీ నీళ్లు పీల్చవు.

పడుగు పేక | చీరాల

మిల్లు గారు నేత మీదికి వచ్చారు కాబట్టి నేనూ రెండు ముక్కలు. మాది మగ్గం ఇల్లు, నాన్న ఇప్పటికీ గుంట మగ్గం మీద కూర్చుంటారు.

కాటన్ కాటన్ అని అందరూ ఒకే గాట కట్టేస్తారు. 40 కౌంటు నూలుతో దగ్గరగా నేసిన పాప్లిన్ వేరు, 80 కౌంటు మంగళగిరి గుడ్డ వేరు, 100 కౌంటు పొందూరు ఖాదీ వేరు. కౌంటు పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి చేత్తో వడుకుతారు, అంత సన్నం పోగు రావడానికి అంత చాకిరీ. సన్నం పోగుని మరీ కిక్కిరిసి కాకుండా నేస్తే గుడ్డ తేలిగ్గా ఉంటుంది, ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపిస్తుంది.

పవర్‌లూమ్‌లో పడుగుని, అంటే నిలువు పోగుల్ని, గట్టిగా బిగిస్తారు. మిషన్ వేగానికి పోగు తెగకూడదు కాబట్టి సైజింగ్ గంజి కూడా దిట్టంగా పట్టిస్తారు. చేమగ్గంలో అంత బిగువు ఉండదు, పేక అంటే అడ్డం పోగు, దాని దెబ్బ ఒకటి గట్టిగా పడుతుంది, ఒకటి తేలిగ్గా పడుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లోనే గాలికి దారి దొరుకుతుంది. రెండు మూడు ఉతుకులయ్యాక గుడ్డ ఒదిగి ఇంకా బాగుంటుంది.

షాపులో చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. గుడ్డని నోటికి ఆనించి ఊదండి, అవతల అరచెయ్యి పెట్టండి. ఊపిరి అరచేతికి తగిలితే తీసుకోండి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

నల్ల బంగారం | గోదావరిఖని

నాకో డౌట్ అన్నా. మీరంతా గాలి ఎంత ఆడితే అంత మంచిదంటున్నరు. మా రామగుండం పట్టీలో ఎండాకాలం 45 డిగ్రీలు, వడగాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతది. ఆ గాలి లోపలికి వస్తే చల్లబడుడు ఏంది, ఇంకా కాలుతది కదా? మా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల పనిచేసేటోళ్లు నిండు చేతుల అంగీ వేసి తలకి తువ్వాల చుడతరు. పొలంల పనిచేసే ఆడోళ్లు కూడా చీర మీద మగోళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటరు.

నూలు మిల్లు | గుంటూరు

మంచి ప్రశ్న, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

చర్మం వేడి 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉంటే, అది వస్తూ వేడిని మోసుకొస్తుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచేది ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. కిందకి కారిపోయిన చెమటకి ఆ లాభం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. చెమట పట్టిన చర్మం దగ్గర ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్. విశాఖలో 33 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకుంటే గాలిలో ఉన్నది 4 దాకా, తేడా 1.6. రామగుండంలో 44 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకుంటే గాలిలో ఉన్నది 1.8, తేడా 3.8. అంటే అక్కడ చెమట ఆవిరయ్యే ఊపు రెట్టింపు కన్నా ఎక్కువ. ఒంటి మీద పడగానే ఇగిరిపోతుంది, మనకి చెమట పట్టినట్టే తెలియదు. ఎక్కువ నీళ్లు తాగాలనేది ఇందుకే.

కాబట్టి పొడి ఎండలో ఒళ్లంతా కప్పే వదులు నూలు బట్టే సరైనది. ఎండని, వడగాలిని ఆపుతుంది, లోపల చెమట ఆవిరి కావడానికి అడ్డు రాదు. మీ తువ్వాల తడిపి చుడితే ఇంకా మేలు. కోస్తాలో మాత్రం గాలి కదలికే దిక్కు. సన్నటి గుడ్డ, వదులు కుట్టు, వీలైతే పొట్టి చేతులు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. సినాయ్ ఎడారి బెడూయిన్లు ఆ ఎండలో నల్ల అంగరఖాలు ఎందుకు వేస్తారని 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నల్ల గుడ్డ తెల్లదాని కన్నా ఎక్కువ వేడి పట్టిన మాట నిజమే, కానీ అంగీ అంత వదులుగా ఉండటంతో లోపల గాలి కదిలి ఆ అదనపు వేడి చర్మం దాకా చేరలేదని తేల్చారు. ఇది చదివి టైట్‌గా ఉన్న నల్ల టీషర్టు కొనకండి.

నల్ల బంగారం | గోదావరిఖని

సమజైంది అన్నా. మస్తు చెప్పినవ్.

కెమిస్ట్రీ మాస్టారు | రాజమహేంద్రవరం

మిల్లు గారి ఆవిరి పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. మా పిల్లల చేత ప్రతి ఏడూ చేయిస్తాను. ఒక గాజు గ్లాసులో సగం దాకా వేడినీళ్లు పోయండి, పొగలు కక్కేంత వద్దు. మూతికి గుడ్డ బిగించి రబ్బరు బ్యాండు వెయ్యండి. పైన అదే కొలత గ్లాసు ఇంకోటి బోర్లించండి. పై గ్లాసు లోపలి వైపు చూస్తూ కూర్చోండి.

మల్ గుడ్డ పెడితే పైన వెంటనే మసక కమ్ముతుంది, కాసేపటికి సన్నటి చుక్కలు కడతాయి. ప్లాస్టిక్ రెయిన్‌కోటు ముక్క పెడితే పై గ్లాసు ఎంతసేపటికీ మెరుస్తూనే ఉంటుంది, గుడ్డ అడుగున మాత్రం నీళ్లు బొట్లు బొట్లుగా వేలాడతాయి. వానలో రెయిన్‌కోటు వేసుకున్నా లోపల తడిసిపోయేది ఇందుకే.

పిల్లలు నోరు తెరిచేది పాలిస్టర్ జార్జెట్ దగ్గర. కాటన్ పాప్లిన్‌కి ఎంత త్వరగా మసక వస్తుందో దీనికీ ఇంచుమించు అంతే. "మరి పాలిస్టర్‌లో ఉక్కపోత ఎందుకు సార్?" అని అడుగుతారు. అప్పుడు రెండో పని. రెండు గుడ్డల మీదా ఒక్కో నీటి చుక్క వేయిస్తాను. పాప్లిన్ మీద చుక్క క్షణంలో మరకలా పాకిపోతుంది. జార్జెట్ మీద ముత్యంలా నిలబడి, గుడ్డ వంచితే జారిపోతుంది. ఆవిరి రెండింటిలోంచీ వెళ్తుంది, తేడా వచ్చేది చెమట నీరుగా మారాకే. అది పాలిస్టర్‌లోకి ఇంకక, ఒంటికీ గుడ్డకీ మధ్య ఇరుక్కుపోతుంది.

ఒక్క జాగ్రత్త. కొత్త గుడ్డతో చెయ్యకండి, సైజింగ్ ఉన్న కాటన్ మీద కూడా చుక్క నిలబడుతుంది. ఉతికిన గుడ్డే వాడండి.

తీరం పరుగు | విశాఖపట్నం

మాస్టారూ, తడిసిన కాటన్‌తో కూడా ఆ గ్లాసు ప్రయోగం చేయిస్తే బాగుంటుంది. నా అసలు పాయింటు అదే. తడిశాక కాటన్‌లో గాలి కూడా ఆడదు.

నూలు మిల్లు | గుంటూరు

నిజం. నీళ్లు తాగితే కాటన్ పీచు ఉబ్బుతుంది, సందులు మూసుకుపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పడిపోయే పైలట్ల కోసం మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ గుణాన్నే వాడుకుని వెంటైల్ అనే గుడ్డ తయారుచేశారు. నూరు శాతం కాటన్. పొడిగా ఉంటే ఆవిరి దాటుతుంది, తడిస్తే పీచు ఉబ్బి నీళ్లని లోపలికి రానివ్వదు. మీ నానిన టీషర్టు అంత కిక్కిరిసిన నేత కాదు కాబట్టి నీళ్లని ఆపలేదు, గాలిని మాత్రం తగ్గిస్తుంది.

తెనాలి అత్తయ్య | తెనాలి

మీ పీడనాలు నాకు అర్థం కాలేదు గానీ నాన్నా, నూలు చీరలకి గంజి సంగతి ఎవరూ ఎత్తలేదేం? గంజి పెడితే గాలాడదని మా కోడలు అంటుంది. గంజి లేకపోతే చీర కాళ్లకి చుట్టుకుని ఇంకా ఉక్కపోస్తుందని నేనంటాను.

ఇంకోటి కూడా చెప్పండి. ఆడపిల్లల రెడీమేడ్ డ్రెస్సులకి పైన కాటన్ అని చీటీ ఉంటుంది, లోపల లైనింగ్ తిప్పి చూస్తే పాలిస్టర్ క్రేప్. వాటిని వేసుకుని పిల్ల ఉడికిపోతుంటే కాటన్ కూడా ఉడకపోస్తుందేమిటి అంటారు. లైనింగ్ తిప్పి చూడకుండా కొనకూడదు. నేను మా మనవరాలి గౌన్లకి పాత మల్ చీర చింపి లైనింగ్ వేయిస్తాను.

పడుగు పేక | చీరాల

అత్తయ్య గారూ, లైనింగ్ మాట లక్షలు చేస్తుంది. ఒంటికి తగిలేది అదే కదా.

గంజి విషయంలో మీరూ మీ కోడలూ ఇద్దరూ గెలిచారు. పలచటి గంజి అయితే చీర బిరుసుగా నిలబడుతుంది, ఒంటికి అంటుకోదు, మధ్యలో గాలి తిరుగుతుంది. చిక్కటి గంజి అయితే సందులు పూడిపోతాయి, రేకులాగా ఉంటుంది, చెమట కూడా పీల్చదు. మా ఇంట్లో వార్చిన గంజిని వడగట్టి, నీళ్లు బాగా కలిపి, చీర ముంచి పిండేస్తారు. వానాకాలం గంజి చీరలు బీరువాలో పెట్టకండి, పురుగు పడుతుంది.

సూటిగా | హైదరాబాద్

ఇద్దరూ గెలిచారట. అన్నా, నువ్వు ఎలక్షన్లలో నిలబడు.

చర్మం సంగతులు | కర్నూలు

చర్మ వైద్యుడిని. ఎండాకాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చెమటకాయలు, తామర ఎక్కువ. చెమటకాయలంటే స్వేద రంధ్రాల దారి మూసుకుపోయి చెమట చర్మం లోపలే చిక్కుకోవడం. గుడ్డ బిగుతుగా, తడిగా ఒంటికి అంటుకుని ఉంటే ఇది ముదురుతుంది. పౌడరు గుమ్మరిస్తే ఇంకా మూసుకుంటుంది, చల్లటి నీళ్ల స్నానం, వదులు బట్టలు చాలు.

తామర ఫంగస్ వల్ల వచ్చేది, దానికి కావాల్సింది తేమ, వెచ్చదనం. గజ్జల్లో తామర ఉన్న కుర్రాళ్లని చూస్తే చాలాసార్లు బిగుతు జీన్స్, లోపల నైలాన్ డ్రాయరు. పైన చొక్కా ఏ గుడ్డదన్నది నాకు పెద్ద పట్టింపు లేదు, లోదుస్తులు మాత్రం నూలువి, వదులువి, రోజూ మార్చుకునేవి అయ్యుండాలి. జిమ్ నుంచి వచ్చాక ఆ తడి షార్ట్స్‌లోనే గంట సేపు ఫోను చూస్తూ కూర్చోకండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు అస్సలు రాయకండి. ముందు తగ్గినట్టే తగ్గి తర్వాత ఒళ్లంతా పాకుతుంది.

ఎడారి పక్షి | అబుదాబి

మాది జగిత్యాల దగ్గర. ఇక్కడ సైట్‌లో ఉంటా. మాకు చాయిస్ ఉండదు, కంపెనీ ఇచ్చిన కవరాల్, అంటే ఒంటినిండా కప్పే ఒకే ముక్క డ్రెస్సే. మామూలు పనికి పాలిస్టర్, కాటన్ కలిసిన మందం గుడ్డ. వెల్డింగ్ వాళ్లకి, ఆయిల్ సైడ్ వాళ్లకి మంట అంటుకోకుండా ట్రీట్ చేసిన కాటన్. దాని లోపల సింథటిక్ బనియన్ వేసుకుంటే సేఫ్టీ ఆఫీసర్ గేటు దగ్గరే ఆపేస్తడు. పాలిస్టర్ కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటది, పీకితే తోలుతో వస్తది. అందుకే లోపల కాటన్ బనియనే రూల్.

ఎండ అంటే ఎడారి కాబట్టి పొడిగా ఉంటదనుకుంటరు. ఆగస్టుల సముద్రం పక్కన తేమ చూస్తే ఏడుపొస్తది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని బంద్, అది గవర్నమెంట్ రూల్. ఆ బ్రేక్‌ల బనియన్ పిండి ఆరేసి, రెండోది తొడుక్కుంటం. మూడు దాటినంక పొడి బనియన్ ఒంటి మీద పడితే ప్రాణం లేచొస్తది. ఏ గుడ్డ అన్నది తర్వాత అన్నా, మార్చుకోవడానికి ఇంకోటి ఉండాలె.

తెనాలి అత్తయ్య | తెనాలి

జాగ్రత్త నాన్నా. నీళ్లు బాగా తాగు.

వంటింట్లో కూడా పాలిస్టర్ నైటీలు వేసుకుని పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు ఈ బాబు మాట వినాలి. దీపావళికి పిల్లలకీ అంతే.

చర్మం సంగతులు | కర్నూలు

అవునండీ. కానీ నూలు బట్ట కాలదని ధీమా వద్దు. పలచటి నూలు చున్నీ భగ్గున అంటుకుంటుంది. అది కరిగి అతుక్కోదు, అంతవరకే తేడా. వంటింట్లో నూలుతో పాటు వేలాడే కొంగులు, వెడల్పు చేతులు లేకుండా చూసుకోవాలి.

టికెట్ టికెట్ | నల్గొండ

బస్సు కండక్టర్ని. ఇంతసేపూ చదివాను. అందరూ నూలుకి ఓటేస్తున్నారు, మరి మా ఖాకీ నూలు కాకుండా పాలిస్టర్ కలిసిన టెర్రికాట్ ఎందుకైందో ఎవరైనా ఆలోచించారా?

రెండు జతలతో ఏడాది గడవాలి. రాత్రి డ్యూటీ దిగి ఉతికి ఫ్యాను కింద వేస్తే పొద్దున ఐదుకి ఆరి ఉండాలి. ఇస్త్రీ లేకపోయినా ముడతలు కనబడకూడదు. నూలు ఖాకీ నాలుగు నెలలకి వెలిసి, మోచేతుల దగ్గర పల్చబడుతుంది. మా నాన్న తరం వాళ్లు టెర్లిన్ అనే పాలిస్టర్ చొక్కా దొరికితే పండగ చేసుకున్నారంటే పిచ్చి కాదు. అంతకుముందు ఉతుకూ గంజీ ఇస్త్రీ అని ఇంట్లో ఆడవాళ్ల నడుములు విరిగేవి. సిరిసిల్లలో మగ్గాలు పాలిస్టర్ నేసినా, కూలికెళ్లే ఆవిడ పాలిస్టర్ చీర కొన్నా, ఆ లెక్క వేరు. ఖాదీ కమిషన్ వాళ్లే పాలిస్టర్ కలిపి పాలీవస్త్ర అని తెచ్చారు కదా.

నాకూ నూలే హాయి. సెలవు రోజు లుంగీ, బనియనే. కానీ మంచి నూలు చొక్కా కట్టుకోవాలంటే డబ్బు, టైము, ఇస్త్రీ చేసే మనిషి, మూడూ కావాలి.

పడుగు పేక | చీరాల

ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదన్నా. మేము నేసిన గుడ్డ మా వీధిలో సగం మంది రోజువారీ కట్టుకోరు.

నూలు మిల్లు | గుంటూరు

కండక్టర్ గారి మాటకి ఒక చేర్పు. టెర్రికాట్‌లో పాళ్లు ముఖ్యం. సాధారణంగా పాలిస్టర్ 65, కాటన్ 35 పాళ్లు. దాన్ని తిరగేసి కాటన్ 60, పాలిస్టర్ 40 కలిపిన గుడ్డలూ దొరుకుతాయి. ముడతలు కొంచెం ఎక్కువ, హాయి చాలా ఎక్కువ. చీటీ మీద శాతాలు చూసి తీసుకోండి.

సూటిగా | హైదరాబాద్

వాసన గురించి ఎవరూ మాట్లాడరేం? మా ఆఫీసులో జిమ్ నుంచి సరాసరి వచ్చే ఒకాయన ఉన్నాడు. లిఫ్టులో ఆయన పక్కన నిలబడితే పాలిస్టర్ అంటే ఏంటో తెలుస్తుంది.

కెమిస్ట్రీ మాస్టారు | రాజమహేంద్రవరం

దానికీ ఆధారం ఉంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో వ్యాయామం చేసినవాళ్ల టీషర్టులని 28 గంటలు నిల్వ ఉంచి వాసన చూపించారు. పాలిస్టర్ టీషర్టులే ఎక్కువ కంపు కొట్టాయి, మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా వాటి మీద బాగా పెరిగింది. చెమటలోని జిడ్డుని పాలిస్టర్ గట్టిగా పట్టుకుంటుంది, ఉతికినా ఓ పట్టాన వదలదు. ఉన్నికి ఈ గొడవ తక్కువ.

హిమగిరి | బెంగళూరు

ఉన్ని మాట వచ్చింది కాబట్టి కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లే మనవాళ్లకి చెప్పాలి. ఇక్కడ చదివి కాటన్ బనియన్లు మూట కట్టుకోకండి. ఎక్కేటప్పుడు చలిలో కూడా చెమట పడుతుంది. ఆగినప్పుడు ఆ తడి కాటన్ ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, గజగజ వణుకు. అక్కడ ఒంటికి ఆనుకునేది మెరినో ఉన్ని గానీ, తొందరగా ఆరే పాలిస్టర్ గానీ ఉండాలి. పైన ఫ్లీస్, ఆ పైన గాలీ వానా ఆపే జాకెట్. కాటన్ జీన్స్‌తో మంచు వానలో తడిసిన యాత్రికులని చూశాను, జాలేస్తుంది.

తీరం పరుగు | విశాఖపట్నం

ఈ మధ్య "బ్యాంబూ" బనియన్లు, సాక్సులు తెగ అమ్ముతున్నారు. వెదురు సహజమే కదా, బాగుంటాయా?

నూలు మిల్లు | గుంటూరు

వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి పోగు తీస్తే వచ్చేది విస్కోసే, అంటే రేయానే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని వెదురు అని రాయనివ్వదు, వెదురు నుంచి చేసిన రేయాన్ అని రాయమంటుంది. గుడ్డగా చెడ్డదేం కాదు. చెమట బాగా పీలుస్తుంది, మెత్తగా జారుతుంది, ఎండాకాలం కుర్తీలకి రేయాన్ హాయిగానే ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు మాత్రం బలం బాగా తగ్గిపోతుంది, కాబట్టి బండకేసి బాదకండి. వెదురు పేరు చెప్పి రెట్టింపు ధర అడిగితే ఇవ్వకండి.

పడుగు పేక | చీరాల

అనుమానం ఉంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించండి. కాటన్, రేయాన్ కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన కంపు. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసవుతుంది. పూసా బూడిదా రెండూ కనిపిస్తే కలిపి నేసినట్టు. షాపులో చెయ్యకండి, ఇంటికొచ్చాక చెయ్యండి.

బందరు రోడ్డు | విజయవాడ

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న పడుగు పేక గారు చెప్పినట్టు ఊది చూసి రెండు చొక్కాలు తీసుకున్నాను. ఒకటి 80 కౌంటు నూలుది, ఇంకోటి కాటన్ 60 పాళ్లున్నది, కొంచెం వదులుగా. ఇక లోపల బనియన్ వెయ్యాలా వద్దా?

ఎడారి పక్షి | అబుదాబి

వెయ్యి. సంచిల ఇంకోటి పెట్టుకో.

తీరం పరుగు | విశాఖపట్నం

వద్దు. ఉక్కపోతలో ఇంకో పొర ఎందుకు?

నూలు మిల్లు | గుంటూరు

చొక్కా మీద మరక కనబడకూడదంటే పలచటి చేతుల్లేని నూలు బనియన్. గాలే ముఖ్యం అంటే వద్దు. ఫార్మల్ ఉద్యోగం కాబట్టి నేనైతే వేసుకుంటాను.

సూటిగా | హైదరాబాద్

నాదో చిన్న ప్రశ్న, దీనికి కొత్త టాపిక్ ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. రాత్రి పడుకుంటే వీపంతా చెమట. వెయ్యి థ్రెడ్ కౌంట్ కాటన్ బెడ్‌షీట్ అని చాలా పోసి కొన్నాం. ఏసీ ఉన్నా అంతే.

నూలు మిల్లు | గుంటూరు

అంగుళం చదరంలో వెయ్యి పోగులు మామూలుగా పట్టవు. మెలేసిన పోగులో ఒక్కో పురిని విడిగా లెక్కేసి ఆ అంకె తెస్తారు. గుడ్డ బరువుగా, కిక్కిరిసి ఉంటుంది. 200 నుంచి 300 మధ్య ఉన్న సాదా నేత దుప్పటి దానికన్నా చల్లగా ఉంటుంది. గ్లేస్ కాటన్ పేరుతో అమ్మేవి చాలావరకు పాలిస్టరే, అవి కొనకండి. అది సరే, పరుపు మీద వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ ఉందా?

సూటిగా | హైదరాబాద్

ఉంది. పాప పక్క తడుపుతుందని వేశాం.

నూలు మిల్లు | గుంటూరు

దొంగ దొరికాడు. మాస్టారి రెయిన్‌కోటు ప్రయోగం మీ వీపు కింద జరుగుతోంది. పాప పడుకునే వైపు మాత్రం ఉంచి, మీ వైపు తీసేయండి.

తెనాలి అత్తయ్య | తెనాలి

పాప వైపు కూడా దాని మీద పాత నూలు చీరల బొంత ఒకటి వెయ్యి బాబూ. తడిస్తే ఉతుక్కోవచ్చు.